నా సెంటు నాకే వాసన రావడం లేదు

ప్రశ్న: మాది విజయనగరం. హైస్కూల్లో సోషల్ టీచర్ని, నాకు 48 ఏళ్లు. అమ్మాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తోంది, అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి ఏడాది. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మాయి నాకు గ్రాండ్ స్వార్ అనే ఫ్రెంచి సెంటు సీసా తెచ్చింది. అంబర్ సెంటు అంటారట. 70 మిల్లీలీటర్లకి మన డబ్బుల్లో ₹22,000 దాకా అయిందని తెలిసి గుండె గుభేలుమంది. "కొట్లో ఓ పది రకాలు చూశానమ్మా, దీన్ని చేతిమీద కొట్టగానే నువ్వే గుర్తొచ్చావు" అంది. నేనెప్పుడూ సెంటు ముఖం చూసినదాన్ని కాను. మరి నేనెందుకు గుర్తొచ్చానో!

దాచుకుని ఏం చేస్తామని, మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పూసుకెళ్లడం మొదలుపెట్టాను. ఆరేడుసార్లు కొట్టుకుంటే గానీ నాకు తెలియడం లేదు. అదీ అరగంటకి పోతుంది. స్టాఫ్ రూంలో మాత్రం లెక్కల మేడం తలనొప్పి అంటారు. ఇంగ్లీషు మేడం "పాత బీరువా తలుపు తీసినట్టుంది" అన్నారు. తెలుగు మాస్టారికి గుళ్లో కూర్చున్నట్టు ఉందట. మధ్యాహ్నం భోజనం వండే ఆమె "తానం పోసి పొగేసిన పసిగుంటడి వాసనొస్తంది అమ్మగోరూ" అని నవ్వేసింది. మావారికి అసలు ఏ వాసనా రాదట. ఇంకొకరు అంబర్ అంటే తిమింగలం వాంతి అని చెప్పారు, మేం శాకాహారులం. ఇదే సెంటు వాడినవాళ్ల అభిప్రాయాలు అమ్మాయి పంపింది. ఒకరు తేనె అంటారు, ఒకరు దగ్గుమందు అంటారు. ఒకరికి పన్నెండు గంటలు ఉందట, ఒకరికి మూడు గంటలకే పోయిందట. నా మట్టుకి, మర్నాడు జాకెట్టు ఉతకబోతే మాత్రం గుప్పుమంటోంది. ఇది నకిలీదా, నా ముక్కు పాడైందా, లేక ఎవరికైనా ఇచ్చేయమంటారా?

సమాధానం: టీచరు గారూ, ఆ సీసా ఎవరికీ ఇవ్వకండి. అది నకిలీదీ కాదు, మీ ముక్కుకి ఏ జబ్బూ లేదు. రెండింటికీ రుజువు మీరే రాశారు, ఆ జాకెట్టు మాటలో. నకిలీ సరుకు సాధారణంగా మొదట్లో ఘాటుగా ముక్కుకి కొట్టి కాసేపటికే చప్పబడిపోతుంది. రోజంతా చెమట పట్టినా, రాత్రంతా దండెం మీద ఆరినా గుప్పుమంటోందంటే అడుగున గట్టి సరుకు ఉన్నట్టే. ఇక ముక్కే పాడైతే జాకెట్టు వాసన మాత్రం ఎలా తెలిసింది?

అరగంటకి సెంటు పోవడం లేదు, మీరు దానికి అలవాటు పడిపోతున్నారు. పలాసలో జీడి కాల్చే బట్టీల పక్కన ఇళ్లున్నవాళ్లని అడగండి, ఏ వాసన అని ఎదురు ప్రశ్న వేస్తారు. రైలు దిగిన కొత్తవాడికి స్టేషన్లోనే తెలుస్తుంది. ఒకే వాసన మానకుండా తగులుతుంటే మెదడు దాన్ని పక్కకి నెట్టేస్తుంది, కొత్త వాసన ఏదైనా వస్తే పట్టుకోవడానికి. మీరు మెడ ముందు, గొంతు దగ్గర కొట్టుకుంటున్నారని అనుకుంటున్నాను. అది సరిగ్గా ముక్కు కింద. అక్కడి నుంచి ఆవిరి నేరుగా మీ ముక్కులోకే పోతుంది, కాబట్టి మీకే అందరికంటే ముందు తెలియకుండా పోతుంది. మీరేమో పోయిందనుకుని ఇంకో రెండుసార్లు కొడతారు. లెక్కల మేడం తలనొప్పికి మూలం అక్కడుంది.

మీవారి సంగతి వేరు. మనిషి ముక్కులో వాసనల్ని పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు ఉంటాయి. అవి అందరికీ ఒకేలా ఉండవు. సెంట్లలో వాడే కొన్ని కస్తూరి తరహా పదార్థాలు, కొన్ని అంబర్ తరహా పదార్థాలు కొందరి ముక్కుకి అసలు అందవు. మిగతా వాసనలన్నీ శుభ్రంగా తెలుస్తాయి, ఆ ఒక్కటే తెలియదు. అది జబ్బు కాదు. కానీ ఒక్కసారి పరీక్షించండి. ఇంగువ పోపు, కాఫీ డికాక్షన్, అప్పుడే గీసిన అగ్గిపుల్ల, ఈ మూడూ ఆయనకి తెలుస్తున్నాయా? తెలిస్తే నిశ్చింతగా ఉండండి. తెలియకపోతే మాత్రం ముక్కు, చెవి, గొంతు డాక్టరుకి చూపించండి. కోవిడ్ వచ్చి తగ్గాక వాసన పూర్తిగా తిరిగి రానివాళ్లు ఉన్నారు. వాసన తెలియని మనిషి ఇంట్లో గ్యాస్ లీకైనా పసిగట్టలేడు, అందుకని ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు తిమింగలం మాట. ఆ పేరుకి మూడు వేరువేరు వస్తువులు తగులుకుని ఉన్నాయి, అందుకే ఈ గందరగోళం. అరబ్బీలో అన్బర్ అంటే తిమింగలం నుంచి వచ్చేదే. మన పాత నిఘంటువుల్లో అంబరు అన్నదీ అదే. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో ఏర్పడి, సముద్రంలో తేలి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. వాంతి అని వాడుకలో అంటారు గానీ పుట్టేది పేగులోనే. ఆ పేరునే యూరప్ వాళ్లు తర్వాత బాల్టిక్ తీరంలో దొరికే పసుపుపచ్చని శిలాజ జిగురుకీ పెట్టేశారు. మన సంస్కృతంలో దానికి తృణమణి అని చక్కని పేరుంది, బట్టకి రుద్దితే గడ్డిపరకని లాగుతుంది కనుక. గ్రీకులు దాన్నే ఎలక్ట్రాన్ అన్నారు, కరెంటుకి ఇంగ్లీషు పేరు అందులోంచి వచ్చింది. మీ క్లాసులో పనికొస్తుందని చెబుతున్నాను.

మీ సీసాలో ఉన్నది ఈ రెండూ కాదు. సెంట్ల లోకంలో అంబర్ అంటే ఒక కలయిక పేరు, మన పులిహోర పోపు లాగ. అందులో ముఖ్యమైనవి మూడు: లాబ్డనం, బెంజోయిన్, వెనిల్లా. వెనిల్లా వాసననిచ్చే వెనిల్లిన్‌ని 1874లో జర్మనీలో ప్రయోగశాలలో తయారు చేశారు, ఆ తర్వాతే ఈ కలయికకి దారి సులువైంది. 1925లో వచ్చిన షాలిమార్ అనే గెర్లేన్ కంపెనీ సెంటు ఈ వంశంలో పెద్ద పేరు, మొగలాయిల షాలిమార్ తోట పేరే దానికి పెట్టారు. ఈ కోవ సెంట్లన్నింటినీ చాలాకాలం "ఓరియెంటల్" అనేవాళ్లు. తూర్పుదేశాల వాళ్లందర్నీ ఒకే గంపలో వేసే మాట అది. 2021లో సెంట్ల వర్గీకరణకి పేరుపడ్డ మైకేల్ ఎడ్వర్డ్స్ ఆ మాట తీసేసి అంబర్ అని మార్చాడు. మంచిపని చేశాడు. మీ గ్రాండ్ స్వార్‌ని ఫ్రాన్సిస్ కుర్క్‌జియాన్ అనే ఆయన 2016లో తెచ్చాడు. లాబ్డనం, బెంజోయిన్, వెనిల్లా, టోంకా గింజ, ఇవీ అందులో ముఖ్యంగా చెప్పేవి. అన్నీ చెట్టూ చేమా నుంచి వచ్చే వాసనలే. తిమింగలం సరుకుకి బదులు వాడే అంబ్రాక్సాన్ అన్నదాన్ని కూడా ఎక్కువగా క్లేరీ సేజ్ అనే మొక్క నుంచి తీసిన పదార్థంతో తయారు చేస్తారు. కాబట్టి శాకాహారానికి భంగం ఏమీ లేదు. పైగా మన దేశంలో అసలు అంబరు కొనడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. కళింగపట్నం తీరాన దొరికిందంటూ ఎవరైనా చూపించినా చెయ్యి పెట్టకండి.

లాబ్డనం గురించి ఒక్కమాట చెప్పి తీరాలి. మధ్యధరా తీరాల్లో సిస్టస్ అనే పొద ఉంటుంది. ఎండాకాలం దాని ఆకులు, కొమ్మలు జిగురు కారుస్తాయి. మేకలు ఆ పొదల్లో మేసొస్తే గడ్డాలకి ఆ జిగురు అంటుకునేది, దాన్ని దువ్వి తీసేవారు. క్రీస్తుకి ముందు అయిదో శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ సంగతి రాశాడు, కంపుకొట్టే మేకపోతు గడ్డంలో ఇంత సువాసనా అని ఆశ్చర్యపోతూ. తోలు, ఎండిన ఆకు, బెల్లప్పాకం కలిసినట్టుండే బరువైన వాసన అది. ఇంగ్లీషు మేడం ముక్కుకి తగిలిన "పాతదనం" కొంత దీనిదే.

కొంత మాత్రం మీ బీరువాది. చీరల మధ్య కలరా ఉండలు వేస్తారు కదా? ఆ చీర కట్టుకుని, దానిమీద అంబర్ కొడితే రెండూ కలిసి అచ్చం పాత బీరువా వాసనే వస్తుంది. మేడం తప్పేమీ చెప్పలేదు, ఆవిడ ముక్కు చురుకైనది. ఓ చీరని రెండు రోజులు నీడన ఆరవేసి కట్టుకుని చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక బెంజోయిన్. పేరు వింటే ఏదో దూరదేశపు రసాయనం అనిపిస్తుంది. సుమత్రా, లావోస్, థాయిలాండ్ అడవుల్లో స్టైరాక్స్ అనే చెట్ల బెరడుకి గాటు పెడితే కారి గడ్డకట్టే జిగురు అది. అందులో సహజంగానే కొంచెం వెనిల్లిన్ ఉంటుంది, అందుకే తియ్యటి వాసన. అరబ్బు వర్తకులు దాన్ని జావా ధూపం అనే అర్థంలో లుబాన్ జావీ అన్నారు, ఆ మాట అరిగి అరిగి బెంజోయిన్ అయింది. మనవాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం మీకూ నాకూ పుట్టినప్పటి నుంచీ తెలుసు. సాంబ్రాణి.

ఇప్పుడు ఆ వంట చేసే ఆమె మాట మళ్లీ చదవండి. ఉత్తరంలో మీరు దాన్ని వేళాకోళం కింద జమకట్టారు. నాకైతే మీ బడిలో అందరికంటే సరిగ్గా చెప్పింది ఆవిడే. ఆ సెంటుని వాడి పేజీలకి పేజీలు రాసిన వాళ్లెవరూ ఇంత దగ్గరగా రాలేరు.

మా చిన్న తమ్ముడు పుట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. శ్రీకాకుళంలో నాగావళికి దగ్గర్లో మా అమ్మమ్మ ఇల్లు. ఆవిడ దొడ్లో పీట మీద కాళ్లు చాపుకు కూర్చుని, వాణ్ని కాళ్ల మీద బోర్లా వేసుకుని నలుగుపెట్టి తానం పోసేది. నా పని కుంపట్లోంచి నాలుగు నిప్పులు మూకుడులోకి తీసి తేవడం. ఆవిడ సాంబ్రాణి పలుకుల్ని బొటనవేలితో నలిపి వాటి మీద జల్లేది. ముందు చిన్న చిటపట, అంచుల్లో నురగలాగ బుడగలు, ఆ తర్వాత తెల్లటి పొగ మెలికలు తిరుగుతూ లేచేది. మూకుడు మీద వెదురు గంప బోర్లించేవాళ్లం. పొగకి అరచేయి కాచి, ఆ చేత్తో వాడి నెత్తి నిమిరేది, మళ్లీ కాచి మళ్లీ నిమిరేది. వాడు ఏడుపు మానేసి నిద్రలోకి జారేవాడు. అప్పుడు వాడి మాడు దగ్గర ముక్కు పెడితే కొంచెం పాలు, కొంచెం సున్నిపిండి, పైన ఈ తియ్యటి పొగ. (పసిపిల్లలకి ఆ పొగ వద్దని ఇప్పుడు పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. ఊపిరితిత్తులకి మంచిది కాదు, వాళ్ల మాట వినాల్సిందే. మీ ఇంట్లో రేపు మనవలు పుట్టినా మూకుడు బయటికి తీయకండి.)

తెలుగు మాస్టారికి అదే సాంబ్రాణి గుళ్లో తగిలింది కాబట్టి గుడి అన్నారు. ఫ్రాన్సులోనో ఇటలీలోనో పెరిగినవాళ్లు అంబర్ సెంటు చూసి తరచు చర్చి అంటారు, వాళ్ల చర్చిల్లో ధూపం వేస్తారు కనుక. దగ్గుమందు అన్నవాళ్ల చిన్నప్పుడు ఇంట్లో అలాంటి సీసా ఏదో ఉండే ఉంటుంది. బెంజోయిన్ టింక్చరు కలిపి ఆవిరి పట్టించడం ఆసుపత్రుల్లో పాత పద్ధతే. తేనె అన్నవాడికి వెనిల్లా ముందు తగిలింది. ఇందులో ఎవరిదీ అబద్ధం కాదు. ఒకే సీసా మూత తీస్తే ఒక్కొక్కరికి ఒక్కో ఇంటి తలుపు తెరుచుకుంటోంది.

కాబట్టి మీ అమ్మాయి పంపిన అభిప్రాయాల్ని మార్కుల లిస్టులా చదవకండి. ఎవరు బాగుందన్నారు, ఎవరు బాలేదన్నారు అన్నది మీకు అక్కరలేదు. రాసిన మనిషి ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ నెలలో వాడాడు, ఎన్నిసార్లు కొట్టుకున్నాడు, ఒంటిమీదా కాగితం మీదా, ఎన్ని గంటల తర్వాత రాశాడు, ఇవి చెప్పిన అభిప్రాయం నాలుగు వాక్యాలైనా విలువైనది. ఇవేవీ లేకుండా "బంగారం కరిగినట్టుంది" అని రాస్తే అది వాళ్ల సంతోషం, మీకు పనికిరాదు. పన్నెండు గంటలు, మూడు గంటలు అన్న తగువు కూడా ఇక్కడే తేలిపోతుంది. మూడు గంటలకి పోయిందన్నవాళ్లలో మీలాగే అలవాటు పడిపోయినవాళ్లే ఎక్కువమంది ఉంటారని నా నమ్మకం. బయటి నుంచి అప్పుడే వచ్చిన మనిషిని అడిగి ఉంటే ఇంకోలా రాసేవాళ్లు.

ఊరూ నెలా అన్నాను కదా, మీ విషయంలో అసలు చిక్కు అదే. చలిదేశాల్లో ఈ సెంటుని మెత్తటి శాలువా కప్పుకున్నట్టుంది అంటారు. బయట మంచు కురుస్తుంటే శాలువా హాయిగానే ఉంటుంది. విజయనగరంలో ఏప్రిల్ నెల ఉక్కపోతలో, రెండు ఫ్యాన్లున్న స్టాఫ్ రూంలో, పన్నెండు మంది మధ్య శాలువా కప్పుకుంటే ఎలా ఉంటుంది? వేడికి సెంటు త్వరగా ఆవిరై ఒక్కసారిగా పొంగుతుంది. రాత్రంతా నెమ్మదిగా తెలియాల్సిన తీపి గంటలో గది నిండిపోతుంది. ఆ సెంటు పేరులోనే సంగతి ఉంది, గ్రాండ్ స్వార్ అంటే ఫ్రెంచిలో ఘనమైన సాయంత్రం అని అర్థం. దాన్ని మీరు పొద్దున్న ఏడున్నరకి, ఆరేడుసార్లు కొట్టుకుని, బడికి తీసుకెళ్తున్నారు.

అందుకని ఒక మాట ఖచ్చితంగా చెబుతాను. బడికి వద్దు. లెక్కల మేడంకి సెంట్ల వల్ల తలనొప్పి రావడం నిజమే, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకి ఘాటైన వాసన చాలు. ఆవిడకి చెప్పుకోలేని ఇబ్బంది కలిగింది, వెళ్లి ఒక్క మంచిమాట చెప్పండి. క్లాసులో ఆయాసం ఉన్న పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్లకీ మంచిది కాదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పూసుకుందామని అనుకుంటున్నారేమో, దానికీ వద్దంటాను. ఆ జనంలో, ఆ చెమటలో, మూడు లాంతర్ల దగ్గర ఒకరి మీద ఒకరు పడి నిలబడేచోట పక్కవాళ్లకి ఊపిరాడదు. మల్లెలే చాలు.

దీని కాలం కార్తీకం దాటాక వస్తుంది. మార్గశిరం, పుష్యం, మాఘం. సాయంత్రం పెళ్లి రిసెప్షన్, దూరపు చుట్టాల ఇంట్లో భోజనం, భోగి ముందురోజు రాత్రి. ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు కొట్టుకోవాలి. తానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక, చీర కట్టుకోక ముందు, మోచేతి మడతలో ఒకటి, జడ కింద మెడ వెనక ఒకటి. గొంతు దగ్గర వద్దు. రెండు మణికట్లూ కలిపి రుద్దడం కూడా వద్దు. కొట్టాక ఓ పది నిమిషాలు ఆగి చీర కట్టుకోండి. జడలో పూలు పెట్టుకోవచ్చా అని సందేహం వస్తుంది, నిస్సంకోచంగా పెట్టుకోండి. తలంటుకుని జుట్టుకి సాంబ్రాణి పట్టించి దాని మీద మల్లెలు తురుముకోవడం మన అమ్మమ్మలు చేసిన పనే. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు, మల్లె పైపైన ఉంటుంది, సాంబ్రాణి కింద ఉంటుంది.

చీర మీద మాత్రం నేరుగా కొట్టకండి. వెనిల్లిన్, ఈ జిగురు సరుకులు గాలికీ వెలుగుకీ ముదురు రంగు తిరుగుతాయి. తెల్ల బట్ట మీద పడితే కొన్నాళ్లకి లేత గోధుమరంగు మరక తేలుతుంది, ఎంత ఉతికినా వదలదు. పొందూరు ఖాదీ చీర మీద ఇలాంటి మరక నేను కళ్లారా చూశాను, పావలా కాసంత, భుజం దగ్గర. వాలుగ చేప దవడతో దూదిని ఏకి, సన్నని నూలు వడికి, చేత్తో నేసిన బట్ట అది. ఆ మరక చూస్తే సెంటు మీద కోపం వచ్చింది. పట్టుచీర జరీకీ స్పిరిట్ తగలనివ్వకండి.

ఖర్చు మాట కూడా రాశారు కనుక లెక్క చూద్దాం. ఒక్క స్ప్రేకి సుమారు 0.1 మిల్లీలీటరు వస్తుంది. 70 మిల్లీలీటర్లంటే ఏడువందల స్ప్రేలు. ఒక్కోటి ₹31 చొప్పున పడుతుంది. మీరు రోజుకి ఏడు కొట్టుకుంటే ₹220, రోజూ కూరగాయల సంచీ నింపుకోవచ్చు. అలా వాడితే సీసా నూరు రోజులకి ఖాళీ. నేను చెప్పినట్టు చలికాలం సాయంత్రాలకే ఉంచితే ఏళ్లు వస్తుంది. డబ్బాలోనే పెట్టి బీరువా అడుగు అరలో దాచండి. ఎండ తగిలే కిటికీలో, బాత్రూంలో పెడితే పాడవుతుంది. ఫ్రిజ్ అవసరం లేదు.

అంతవరకూ ఆగలేకపోతే, వచ్చే ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఒక పని చేయండి. ఎడమ మోచేతి మడతలో ఒకే ఒక్కసారి కొట్టుకోండి. ఉతికిన నూలు గుడ్డముక్క మీద ఇంకొకటి కొట్టి పక్క గదిలో పెట్టండి. పది నిమిషాలకి, గంటకి, నాలుగు గంటలకి, పడుకునే ముందు ఏమనిపించిందో ఒక్కో వాక్యం రాసుకోండి. మధ్యలో డాబా మీదికి వెళ్లి గాలి పీల్చుకుని రండి, అప్పుడు ముక్కు మళ్లీ కొత్తదవుతుంది. మొదటి పది నిమిషాల్లో స్పిరిట్, తీపి మాత్రమే తెలుస్తాయి, వాటిని బట్టి తీర్పు చెప్పకండి. అంబర్ అసలు రంగు రెండోగంట తర్వాత బయటపడుతుంది. పొరుగావిడ ఎవరైనా వస్తే, సెంటు అని చెప్పకుండా ఏం వాసన వస్తోందని అడిగి ఆవిడ మాట కూడా రాయండి. ఎవరో ఎక్కడో రాసిన యాభై అభిప్రాయాల కంటే ఆ కాగితం మీకు ఎక్కువ పనికొస్తుంది. ఒంటిమీద దద్దురు గానీ దురద గానీ వస్తే కడిగేసి ఆపేయండి.

చివరికి అమ్మాయి మాట మిగిలింది. అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి ఏడాది అన్నారు. అమ్మాయి ఉద్యోగంలో ఉంది. అంటే తమ్ముడు పుట్టినప్పుడు దానికి ఆరో ఏడో ఏళ్లుండి ఉంటాయి. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎవరు తానం పోశారు? సాంబ్రాణి వేశారా? పురిటి తానం చేసి మీరు మంచం మీద వెంట్రుకలు ఆరబోసుకుంటే, వాటికి పొగ పట్టిస్తుంటే, ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చూసిందా? శుక్రవారాలు తలంటుకుని దేవుడి గదిలో ధూపం వేసి, అదే జుట్టుతో దానికి అన్నం కలిపి పెట్టేవారా? ఇవన్నీ నా ఊహలే. కానీ వాసన నేరుగా జ్ఞాపకానికి సంబంధించిన చోటికే పోతుందని డాక్టర్లు చెబుతారు, అందుకే కంటికి మరుగైంది ముక్కుకి గుర్తుంటుంది. సింగపూర్‌లో ఏసీ కొట్లో పది సీసాలు చూసి, పదో దానికి ఆ పిల్ల ఆగిపోయిందంటే ఊరికే ఆగి ఉండదు. మీరు ఎప్పుడూ సెంటు పూసుకోలేదు నిజమే. మీ దగ్గర ఆ వాసన మాత్రం ఉండేది, మీకే తెలియలేదు, ఇప్పుడు సీసాలోది అరగంటకి తెలియకుండా పోతున్నట్టే.

ఆదివారం రాత్రి ఎలాగూ ఫోన్ చేస్తుంది కదా, "ఏ రోజు నేను గుర్తొచ్చానే?" అని అడగండి. ఏం చెప్పిందో నాకూ ఒక ఉత్తరం ముక్క రాయండి.